ఫ్రెంచ్‌లోనూ ‘వచ్చెను’ ఉంది!

ఏడాదిన్నర కష్టపడి ఫ్రెంచ్‌లో బీ1 గట్టెక్కారు. క్లాసులో నలుగురితో మాట్లాడగలుగుతున్నారు. యూట్యూబ్‌లో ఫ్రెంచ్ వార్తలు పెడితే సగానికి పైగా అర్థమవుతున్నాయి. ఆ ఉత్సాహంలో లైబ్రరీకి వెళ్లి జూల్ వెర్న్ నవలో, పిల్లల కథల పుస్తకమో తెచ్చుకున్నారు. మొదటి పేజీలోనే బ్రేక్ పడింది. క్రియాపదాలన్నీ కొత్త ముఖాలే. ‘ఫ్యూ’ అంటే ఏంటి? ‘వాఁ’ అంటే? ‘నాకీ’ ఏ క్రియకు చెందింది? చిన్న డిక్షనరీలో వెతికితే ఈ రూపాలు దొరకవు. దాంతో ‘మనకింకా భాష రాలేదులే’ అనుకుని పుస్తకం మూసేసేవాళ్లే ఎక్కువ.

భాష రాకపోవడం కాదు. మీకు క్లాసులో ఆ కాలం చెప్పి ఉండరు, అంతే. దాని పేరు పాసే సాంప్ల్. పాత వ్యాకరణ పుస్తకాల్లో ‘పాసే డెఫినీ’ అని కనిపిస్తుంది, రెండూ ఒకటే. పేరులో ‘సాంప్ల్’ ఉంది కాబట్టి సులువు అని అర్థం చేసుకోకండి. రెండు ముక్కలు కలిపి కాకుండా ఒకే ముక్కతో తయారయ్యే భూతకాలం అని మాత్రమే దాని భావం. అయితే నిజం చెప్పాలంటే, సరైన వైపు నుంచి మొదలుపెడితే ఇది సులువే. తెలుగువాళ్లకు మరీనూ.

ఒక మాట. ఈ వ్యాసంలో ఫ్రెంచ్ రూపాలను ఉచ్చారణ ప్రకారం తెలుగులో రాస్తున్నాం. ‘యూ’ చేర్చి రాసినచోట (ఫ్యూ, ల్యూ...) అసలు శబ్దం మన దగ్గర లేదు. ‘ఊ’ అనేటప్పుడు పెట్టినట్టు పెదవులు గుండ్రంగా పెట్టి ‘ఈ’ అనండి, వస్తుంది. ‘వాఁ’లోని అరసున్న చూసి నవ్వుకోకండి. ముక్కుతో పలకాల్సిన ఆ శబ్దానికి మన పాత అరసున్నను మించిన గుర్తు లేదు. స్పెల్లింగ్ కోసం పక్కన ఒక బెషెరెల్ పెట్టుకోండి. ఫ్రెంచ్ క్రియలకు అది పెద్దబాలశిక్ష లాంటిది.

మన ఇంట్లో ఉన్నదే

బస్సులో పక్క సీటు స్నేహితుడితో ‘నిన్న మా అన్న ఊరి నుండి వచ్చెను’ అనండి. వాడు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. కానీ అర్థం కాలేదని మాత్రం అనడు. పురాణ కథల్లో, బైబిల్‌లో, పాత పుస్తకాల్లో ఆ ‘వచ్చెను’ను వందసార్లు చూసి ఉంటాడు. మాటలో చచ్చిపోయి, రాతలో బతికి ఉన్న రూపం అది. పాసే సాంప్ల్ కథ కూడా అచ్చంగా ఇంతే. ‘అతను వచ్చాడు’ అనడానికి ఫ్రెంచ్‌వాళ్లు మాటల్లో, ఈమెయిల్‌లో, ఫోన్‌లో పాసే కాంపోజే వాడతారు. మీరు ఏ2లో నేర్చుకున్నది అదే. కథ రాయడానికి కూర్చున్నప్పుడు మాత్రం ‘ఇల్ వాఁ’ అని రాస్తారు.

పోలిక ఇక్కడితో ఆగదు. మన గ్రాంథిక రూపాలు ఒకసారి వరసగా చదవండి: వచ్చితిని, వచ్చితివి, వచ్చెను, వచ్చితిమి, వచ్చితిరి, వచ్చిరి. ఈ ఆరింటిలో ‘వచ్చెను’, ‘వచ్చిరి’ చెవికి కొట్టినపిండి. ‘వచ్చితిమి’, ‘వచ్చితిరి’ వింటే పౌరాణిక నాటకం స్టేజీ గుర్తొస్తుంది. ఫ్రెంచ్‌వాళ్లకూ ఇదే పరిస్థితి. అతడు, ఆమె, వాళ్లు అనే రూపాలు కథల్లో రోజూ చదువుతారు. ‘మేము’, ‘మీరు’ రూపాలు ఎదురైతే వాళ్లకే కొంచెం నవ్వొస్తుంది. ఫ్రాన్స్ ప్రాథమిక పాఠశాలల్లోనూ పిల్లలకు ముందుగా నేర్పేది అతడు, వాళ్లు రూపాలే. ఇంకో పోలిక కూడా ఉంది. ‘వాడు వచ్చెను, ఆమె వచ్చెను’ అని మన దగ్గర లింగభేదం లేకుండా ఒకే రూపం నడుస్తుంది కదా, అక్కడా ‘ఇల్ వాఁ, ఎల్ వాఁ’ అంటే సరిపోతుంది. పాసే కాంపోజేలో మిమ్మల్ని ఏడిపించిన గొడవలు, అంటే అవ్వార్ పెట్టాలా ఎత్ర్ పెట్టాలా, ఆడవాళ్లయితే చివర ఇంకో అక్షరం చేర్చాలా లాంటివి ఇక్కడ ఒక్కటీ లేవు.

ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. గిడుగు రామమూర్తి పంతులు నడిపిన వ్యావహారిక ఉద్యమం తర్వాత మన కథలు, నవలలు ‘వచ్చెను’ను వదిలేశాయి. ఫ్రెంచ్ నవల అలా వదల్లేదు. నిన్నమొన్న వచ్చిన పిల్లల పుస్తకాల్లో కూడా రాజకుమారి పాసే సాంప్ల్‌లోనే నిద్రలేస్తుంది. ‘ఆ తర్వాత వాళ్లు సుఖంగా జీవించారు, వాళ్లకు బోలెడంత మంది పిల్లలు పుట్టారు’ అని ముగిసే కథల్లో ఆ రెండు క్రియలు ‘వేక్యూర్’, ‘యూర్’. కొన్నేళ్ల క్రితం ఎనిడ్ బ్లైటన్ ‘ఫేమస్ ఫైవ్’ ఫ్రెంచ్ అనువాదాలను తిరగరాసి, పాసే సాంప్ల్ తీసేసి వర్తమానం పెట్టినప్పుడు అక్కడి పాఠకులు గట్టిగానే గొడవ చేశారు. పిల్లలకు సులువు చేస్తున్నామన్నది ఒక వాదన. పిల్లల చేతుల్లోంచి భాషనే లాక్కుంటున్నారన్నది ఇంకొకటి.

17వ శతాబ్దపు వ్యాకరణ పండితులు దీనికో తమాషా నియమం చెప్పేవాళ్లు. ఈరోజు జరిగిన పనికి పాసే కాంపోజే, మధ్యలో కనీసం ఒక రాత్రి గడిస్తే పాసే సాంప్ల్! తర్వాత్తర్వాత మాటల్లోంచి రెండోది జారిపోయి, మొదటిదే అన్నిటికీ సరిపెట్టుకుంది.

మీకు కావాలా, అక్కర్లేదా?

నేర్చుకునే ముందు ఈ లెక్క తేల్చుకోండి. ఎందుకంటే మీ దగ్గర ఉన్నది పరీక్షకు మూడు నెలలో, నాలుగు నెలలో. అందులో మూడు వారాలు ఒక కాలానికి ధారపోయడం చిన్న విషయం కాదు.

కెనడా పీఆర్ కోసం టెఫ్ కెనడా, టీసీఎఫ్ కెనడా రాస్తున్నారా? వాటిలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం అనే నాలుగు భాగాలే ఉంటాయి. వ్యాకరణానికి విడిగా పేపర్ లేదు. పాసే సాంప్ల్ రూపాలు చూసి గుర్తుపట్టగలిగితే చాలు, ఆ సమయం మాట్లాడటం మీద పెట్టండి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఫ్రెంచ్ కస్టమర్ సపోర్ట్, ఇన్వాయిస్ ప్రాసెసింగ్ ఉద్యోగాలు చూస్తున్నవాళ్లకూ ఇదే మాట. డెల్ఫ్ బీ2 వరకు కూడా మీరు సొంతంగా ఈ కాలంలో రాయాల్సిన అవసరం దాదాపు రాదు.

డాల్ఫ్ సీ1, సీ2 వైపు వెళ్లేవాళ్లు, ఇఫ్లూలోనో, పాండిచ్చేరి యూనివర్సిటీలోనో, జేఎన్‌యూలోనో ఫ్రెంచ్ ఎంఏ చేయాలనుకునేవాళ్లు, యూజీసీ నెట్‌లో ఫ్రెంచ్ తీసుకునేవాళ్లు, పుస్తకాలు అనువదించాలనుకునేవాళ్లు, పాత రికార్డులతో, చరిత్రతో పనిచేయాలనుకునేవాళ్లు... మీకు మాత్రం ఇది లేకుండా అడుగు ముందుకు పడదు. విక్టర్ హ్యూగో, అలెగ్జాండర్ డ్యూమా, బాల్జాక్, వెర్న్ అందరూ ఈ కాలంలోనే కథ నడిపారు. హ్యూగో 1862 నాటి ‘లే మిజెరాబ్ల్’ మనకు నాగయ్య నటించిన ‘బీదల పాట్లు’గా 1950లోనే తెరకెక్కింది. ఆ మూలాన్ని మూలభాషలో చదవాలంటే దారి ఇటునుంచే.

ఎక్కడ వాడకూడదో కూడా తెలిసి ఉండాలి. ఫ్రాన్స్ యూనివర్సిటీలకు క్యాంపస్ ఫ్రాన్స్ ద్వారా అప్లై చేస్తూ మోటివేషన్ లెటర్‌లో పాసే సాంప్ల్ గుప్పిస్తే భాష గొప్పగా కనిపిస్తుందని కొందరికి ఓ నమ్మకం. ఆ లెటర్ చదివేవాళ్లకు అదెలా వినిపిస్తుందో తెలుగులో చెప్పనా? ‘నేను 2023వ సంవత్సరమున బీటెక్ పూర్తి చేసితిని. తదుపరి ఇంటర్న్‌షిప్ నిమిత్తము పూణె వెళ్లితిని.’ ఇంటర్వ్యూలో నోటితో అంటే ఇంకా ఘోరం.

నాలుగే తోకలు

ఇక అసలు విషయం. ఎన్ని వేల క్రియలున్నా చివర చేరే తోకలు నాలుగు రకాలే. ముందు అతడు, వాళ్లు రూపాలే పట్టుకోండి. మిగతావి తర్వాత.

మొదటిది ‘ఆ’ గుంపు. పదింటికి తొమ్మిది క్రియలు ఇందులోనే ఉంటాయి. పార్లే (మాట్లాడటం) అన్న క్రియకు ‘అతను మాట్లాడాడు’ అంటే పార్లా, ‘వాళ్లు మాట్లాడారు’ అంటే పార్లేర్. అంతే. వర్తమానంలో మిమ్మల్ని చికాకు పెట్టే ఆలే (వెళ్లడం) కూడా ఇక్కడ బుద్ధిగా నడుచుకుంటుంది: ఆలా, ఆలేర్. కొన్ని క్రియలకు వర్తమానంలో మధ్యలో అక్షరం రెట్టించడాలు, యాస గుర్తులు మారడాలు ఉంటాయి కదా, వాటి బెడదా ఇక్కడ లేదు. మాంజే (తినడం) దగ్గర మాత్రం చిన్న జాగ్రత్త. మాంజా అని రాసేటప్పుడు ‘జి’ తర్వాత ‘ఇ’ అక్షరం ఉండాలి, లేకపోతే ‘మాంగా’ అవుతుంది. వాళ్లు తిన్నారు (మాంజేర్) అన్నప్పుడు ఆ అదనపు అక్షరం అక్కర్లేదు.

రెండోది ‘ఈ’ గుంపు. ఫినీర్ (ముగించడం) లాంటివి, వాందర్ (అమ్మడం) లాంటివి ఇందులోకి వస్తాయి. ఫినీ, ఫినీర్, వాందీ, వాందీర్. రాతలో ఏకవచనానికి చివర ‘టి’ ఉంటుంది, పలకరు. ఫీ (చేశాడు), వీ (చూశాడు), ప్రీ (తీసుకున్నాడు), మీ (పెట్టాడు), దీ (అన్నాడు) అన్నీ ఈ గుంపువే. నవలల్లో సంభాషణ తర్వాత అడుగడుగునా వచ్చేది ఈ ‘దీ’యే.

మూడోది ‘యూ’ గుంపు. ఫ్యూ (అయ్యాడు, ఉన్నాడు), యూ (కలిగి ఉన్నాడు), ల్యూ (చదివాడు), క్ర్యూ (నమ్మాడు), ప్యూ (చేయగలిగాడు), బ్యూ (తాగాడు), మూర్యూ (చనిపోయాడు). బహువచనానికి చివర ‘ర్’ చేర్చితే సరి: ఫ్యూర్, యూర్, ల్యూర్.

నాలుగోది రెండే కుటుంబాలున్న చిన్న గుంపు. వెనీర్ (రావడం), తెనీర్ (పట్టుకోవడం), వాటికి ముందు ఏదో ఒకటి చేరి పుట్టిన పిల్ల క్రియలు. వాఁ, వాఁర్, తాఁ, తాఁర్.

ఏ క్రియ ఏ గుంపులోకి వెళ్తుందో ఎలా తెలియాలి? మీకు ఇప్పటికే వచ్చిన పాస్ట్ పార్టిసిపుల్ సగం దారి చూపిస్తుంది. పార్టిసిపుల్ చివర ‘యూ’ శబ్దం ఉంటే చాలావరకు మూడో గుంపే: వూల్యూ, కాన్యూ, రెస్యూ, కూర్యూ, వేక్యూ. చివర ‘ఈ’ శబ్దం ఉంటే రెండో గుంపు: ప్రీ, మీ, ఫినీ. ఈ సూత్రాన్ని గుడ్డిగా నమ్మితే మాత్రం తిరగబడుతుంది. చూడటానికి పార్టిసిపుల్ ‘వ్యూ’, అయినా పాసే సాంప్ల్ ‘వీ’. అమ్మడానికి పార్టిసిపుల్ ‘వాంద్యూ’, అయినా ఇక్కడ ‘వాందీ’. కొన్నింటిని బట్టీ కొట్టక తప్పదు: పుట్టాడు ‘నాకీ’, రాశాడు ‘ఎక్రివీ’, భయపడ్డాడు ‘క్రెన్యీ’, నడిపాడు ‘కాందుయిజీ’. ఇవి పదీ పన్నెండుకు మించవు. ‘ఫ్యూ’, ‘ఫీ’, ‘వీ’ లాంటి పొట్టి రూపాలు ఎక్కణ్నుంచి ఊడిపడ్డాయని ఆశ్చర్యపోకండి. లాటిన్ భూతకాల రూపాలే వందల ఏళ్లు నాలుకల మీద అరిగి అరిగి ఇలా మిగిలాయి.

ఒకేలా ఉండి ముంచేవి

అనువాద సంస్థలు పని ఇచ్చే ముందు ఒక పేజీ శాంపిల్ చేయమంటాయి. అందులో ‘ఇల్ వీ లా మేర్’ అని ఉందనుకోండి. బీ1 బుర్రకు ‘వీ’ అంటే ‘జీవిస్తున్నాడు’ అని మాత్రమే తెలుసు. ‘అతడు సముద్రం జీవిస్తున్నాడు’ అని అర్థంలేని వాక్యం తయారవుతుంది, లేకపోతే దాన్ని అతికించబోయి ‘అతడు సముద్రం దగ్గర బతుకుతున్నాడు’ అని సొంత కవిత్వం రాసేస్తారు. అక్కడున్నది ‘అతడు సముద్రాన్ని చూశాడు’. స్పెల్లింగ్ ఒకటే, ఉచ్చారణ ఒకటే, క్రియలు వేరు. జీవించాడు అనాలంటే ‘వేక్యూ’ అని ఉండేది.

ఇలాంటిదే ‘ద్యూర్’. వర్తమానంలో అయితే ‘కొనసాగుతున్నాయి’. పాసే సాంప్ల్‌లో అయితే ‘వాళ్లకు తప్పలేదు’. ‘ఇల్ ద్యూర్ పార్తీర్’ అంటే వాళ్లు బయల్దేరక తప్పలేదని. ‘ప్ల్యూ’కు రెండు తల్లులు: వాన కురిసిందనీ కావచ్చు, నచ్చిందనీ కావచ్చు. ఎవరికి నచ్చింది అన్న మాట పక్కన ఉందో లేదో చూస్తే తేలిపోతుంది. ‘ఫీ’ (చేశాడు), ‘ఫ్యూ’ (అయ్యాడు), ‘ఫ్వీ’ (పారిపోయాడు) మూడూ రాతలో ఒక్క అక్షరం తేడాతో ఉంటాయి. హడావుడిగా చదివేవాణ్ని పట్టుకోవడానికి అంతకంటే ఏం కావాలి?

పైకి చదివి వినిపించాల్సి వచ్చినప్పుడు ‘యూ’ (కలిగి ఉన్నాడు) దగ్గర ఆగండి. రాతలో దాని ముందు ‘ఇ’ అక్షరం ఉంటుంది. దాన్ని చూసి ‘అ’ శబ్దంతో మొదలుపెడితే తప్పు. ఆ ‘ఇ’ పలకదు.

‘నేను’ రూపంలో ఇంకో చిక్కు. నేను మాట్లాడాను అనడానికి ‘పార్లే’, నేను మాట్లాడుతుండేవాణ్ని అనడానికి కూడా దాదాపు అదే శబ్దం. రెండోదానికి నోరు కాస్త ఎక్కువ తెరవాలంటారు గానీ, ఆ తేడా పాటించని ఫ్రెంచ్‌వాళ్లు కోకొల్లలు. రాతలో తేడా చివరి ‘ఎస్’ ఒక్కటే. అది ఉంటే అలవాటు, లేకపోతే ఒక్కసారి జరిగిన పని.

ఫినీ, దీ లాంటివి వర్తమానంలోనూ ఇలాగే ఉంటాయి కదా, మరెలా? ఒంటరి పదాన్ని చూసి తేల్చలేరు. దాని ముందు వాక్యం, వెనక వాక్యం ఏ కాలంలో ఉన్నాయో చూడండి. చుట్టుపక్కల పార్లా, ఆలా, వాఁ ఉంటే ఇదీ ఆ కుటుంబమే. ‘ఫ్యూ’ మీద టోపీ గుర్తు కనిపిస్తే మాత్రం అది పాసే సాంప్ల్ కాదు, సబ్‌జాంక్టివ్. శబ్దం ఒకటే అయినా పని వేరు.

‘తెలుసు’కూ ‘తెలిసింది’కీ ఉన్న దూరం

తోకలు కంఠతా పట్టినంత మాత్రాన పని అయిపోదు. నిజానికి మార్కులు, ఉద్యోగాలు తేలేది ఇక్కడే. ఫ్రెంచ్ కథలో రెండు కాలాలు జోడెద్దుల్లా నడుస్తాయి. వెనక తెరలాగా పరుచుకుని ఉన్నదంతా అంపార్ఫేలో ఉంటుంది. ఆ తెర ముందు ఒక్కటొక్కటిగా జరిగేవన్నీ పాసే సాంప్ల్‌లో వస్తాయి. ‘రాజు నిద్రపోతున్నాడు. ఎక్కడో గంట మోగింది.’ నిద్ర అంపార్ఫే, గంట పాసే సాంప్ల్. ఇంతవరకు ఎవరికైనా అర్థమవుతుంది.

చిత్రమంతా కొన్ని క్రియల దగ్గర ఉంది. సావ్వార్ అనే క్రియకు ‘తెలిసి ఉండటం’ అని అర్థం చదువుకున్నాం. అంపార్ఫేలో ‘ఇల్ సావే’ అంటే అతనికి ఆ సంగతి తెలుసు. పాసే సాంప్ల్‌లో ‘ఇల్ స్యూ’ అంటే? అప్పుడే తెలిసింది. ఆ క్షణం దాకా తెలియదు. హత్య కథలో ఈ తేడా పొరపాటుపడితే అమాయకుడు దోషి అవుతాడు.

కాలం మారగానే మిగతావీ ఇలాగే మొహం తిప్పుతాయి. ‘అవే పర్’ అంటే భయపడుతూ ఉన్నాడు, ‘యూ పర్’ అంటే గుండె గుభేలుమంది. ఇరవయ్యేళ్ల వయసుండేది అనడానికి అంపార్ఫే, ఇరవై నిండాయి అనడానికి పాసే సాంప్ల్. కాన్నెత్ర్ (పరిచయం ఉండటం) అంపార్ఫేలో పాత పరిచయం, పాసే సాంప్ల్‌లో ‘పరిచయమయ్యాడు’. పూవ్వార్ (చేయగలగడం) అంపార్ఫేలో చేసే శక్తి ఉండటం, చేశాడో లేదో తెలియదు. ‘ప్యూ’ అంటే చేయగలిగాడు, చేసేశాడు. వూల్వార్ (కోరుకోవడం) ఇంకా గడుసుది. మామూలుగా ‘వద్దనుకునేవాడు’ అయ్యేది, పాసే సాంప్ల్‌లో కాదు అన్నమాట చేరగానే ‘ససేమిరా అన్నాడు’ అవుతుంది.

ఇంగ్లిష్ మీదుగా ఫ్రెంచ్ నేర్చుకునేవాళ్లకు ఈ తేడాలు జల్లెడలోంచి జారిపోతాయి. ఆ భాష చాలాచోట్ల రెండింటికీ ఒకే క్రియారూపం వాడేస్తుంది. మనకు ‘తెలుసు’, ‘తెలిసింది’ వేరువేరుగా ఉన్నాయి. ‘భయంగా ఉండేది’, ‘భయం వేసింది’ వేరువేరుగా ఉన్నాయి. కాబట్టి ఈ కాలం చదివేటప్పుడు మనసులో ఇంగ్లిష్‌ను పక్కనపెట్టి నేరుగా తెలుగులోకి తిప్పుకోండి. కోచింగ్ సెంటర్లలో ఎవరూ చెప్పని మాట ఇది. ఫ్రెంచ్ నుంచి తెలుగుకు ఉన్న ఈ అడ్డదారిని మన విద్యార్థులు వాడుకోకపోవడమే విడ్డూరం.

ఎంఏ, నెట్ వైపు వెళ్లేవాళ్లకు

సాహిత్యం పేపర్‌లో ఈ కాలం వ్యాకరణంగా కాకుండా విమర్శగా ఎదురవుతుంది. 1942లో వచ్చిన ఆల్బెర్ కామూ ‘లెత్రాంజే’ నవలను దాదాపుగా పాసే కాంపోజేలో నడిపాడు. తెలుగులో పండితులంతా ‘వచ్చెను’ అని రాస్తున్న రోజుల్లో ఒకడు లేచి ‘వచ్చాడు’ అని నవల రాస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. వాక్యాలన్నీ విడివిడిగా, ఎవరో పక్కన కూర్చుని పొడిపొడిగా చెప్తున్నట్టు ఉంటాయి. ఆ పొడితనమే కథానాయకుడి స్వభావం. 1943లో వచ్చిన సాంతెగ్జుపెరీ ‘ల్ పెటి ప్రాంస్’లో రెండు కాలాలూ కలిసి ఉంటాయి. ఎక్కడ ఏది వాడాడో రంగు పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివితే మీకు మంచి కసరత్తు.

రోలాఁ బార్త్ 1953లో వచ్చిన ‘ల్ దెగ్రే జెరో ద్ లెక్రిత్యూర్’లో పాసే సాంప్ల్‌ను నవలకు గుర్తుగా పరిశీలించాడు. అది కనబడగానే ‘ఇది సాహిత్యం’ అని పాఠకుడికి సంకేతం అందుతుందని ఆయన వాదన. భాషాశాస్త్రవేత్త ఎమీల్ బెన్వెనిస్త్ 1959 వ్యాసంలో ఇంకో మెట్టు ఎక్కాడు. చెప్పేవాడు తెర వెనక్కి తప్పుకుని సంఘటనలు వాటంతటవే నడుస్తున్నట్టు ఉండేది ఒక పద్ధతి, ‘నేను నీతో చెబుతున్నాను’ అన్నట్టు ఉండేది ఇంకో పద్ధతి. పాసే సాంప్ల్ మొదటిదాని సొత్తు అన్నాడు. నెట్‌కు చదివేవాళ్లు ఈ ఇద్దరినీ వదలకండి.

అనువాదం చేసేవాళ్లకు ఒక సలహా. పాసే సాంప్ల్ కనబడింది కదా అని తెలుగులో ‘వచ్చెను, పలికెను’ పెట్టకండి. ఫ్రెంచ్ పాఠకుడికి నవలలో ఆ కాలం పాతకంపు కొట్టదు, మామూలు కథాభాష. మన కథాభాషలో దానికి జోడీ ‘వచ్చాడు’. చిక్కంతా ఎక్కడంటే, పాత్రలు నోరు తెరిస్తే పాసే కాంపోజే, రచయిత చెబితే పాసే సాంప్ల్ అన్న తేడా తెలుగులోకి వచ్చేసరికి ‘వచ్చాడు’ కింద కలిసిపోతుంది. దాన్ని నిలబెట్టాలంటే పాత్రల మాటలకు యాస ఇచ్చి చూడండి. కథనంలో ‘వచ్చాడు’, తెలంగాణ పల్లె మనిషి నోట ‘వచ్చిండు’. అన్ని పుస్తకాలకూ ఇది నప్పదు, నప్పినచోట మాత్రం వాక్యం లేచి కూర్చుంటుంది.

చదవడానికి ఏం తెచ్చుకోవాలి?

డబ్బు ఖర్చు అక్కర్లేదు. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వాళ్ల గాలికా వెబ్‌సైట్‌లో, ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో పాత ఫ్రెంచ్ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. మొదట వెర్న్ దగ్గర మొదలుపెట్టండి. ‘80 రోజుల్లో భూప్రదక్షిణం’లో బొంబాయి నుంచి కలకత్తా దాకా సాగే ప్రయాణం ఉంది, సంగతి తెలిసిందే కాబట్టి క్రియల మీదే కళ్లు పెట్టవచ్చు. సముద్రగర్భంలో తిరిగే కెప్టెన్ నెమో భారతీయ రాజకుమారుడని ఆ తర్వాత వచ్చిన ‘లీల్ మిస్తెరియూజ్’లో బయటపడుతుంది. రోజుకు ఒక్క పేజీ చాలు. పేజీలోని పాసే సాంప్ల్ రూపాలన్నిటికీ పెన్సిల్‌తో సున్నా చుట్టి, పక్కన మూలక్రియ రాయండి. తెలియనివి మాత్రమే బెషెరెల్‌లో చూడండి. పట్టికలు వందసార్లు రాసేకన్నా ఇది త్వరగా ఎక్కుతుంది.

‘నేను’, ‘మేము’ రూపాలు కావాలంటే నవలల కన్నా యాత్రా గ్రంథాలు నయం. మనకు వాటిలో ఒకటి చాలా దగ్గరిది. గోల్కొండ రాజ్యానికి వచ్చి, కృష్ణా తీరంలోని కొల్లూరు వజ్రాల గనులు చూసి వెళ్లిన జాఁ బాతిస్త్ తావెర్నియే తన ప్రయాణాలను 1676లో పుస్తకంగా వేశాడు. ఆ కాలంలో ప్రయాణికుడు రాశాడంటే ‘నూ పార్తీమ్’ (మేము బయల్దేరితిమి), ‘నూ జారివామ్’ (మేము చేరుకొంటిమి) బారులు తీరాల్సిందే. పాత స్పెల్లింగ్ కొంచెం ఇబ్బంది పెడుతుంది, ఓపిక పట్టండి. ఇంకా దగ్గరిది కావాలంటే 1954 దాకా ఫ్రెంచ్ పాలనలో ఉన్న మన యానాం ఉంది. అక్కడి చరిత్ర మీద పరిశోధన చేయాలనుకునే తెలుగు విద్యార్థికి ఫ్రెంచ్ కాగితాలు చదవడం వచ్చి తీరాలి.

చివరగా ఒక విచిత్రం చెప్పుకోవాలి. త్రేర్ అనే క్రియ ఉంది, పాలు పితకడం అని అర్థం. దానికి పాసే సాంప్ల్ లేదు. దాన్నుంచి పుట్టిన ఎక్స్‌త్రేర్ (బయటికి తీయడం), దిస్త్రేర్ (దృష్టి మళ్లించడం) లాంటి వాటికీ లేదు. మూయడం అనే అర్థమున్న క్లోర్‌కూ లేదు. పరీక్షలో ఈ క్రియలిచ్చి రూపం రాయమంటే లేనిదాన్ని కల్పించకండి. ఫ్రెంచ్ రచయితలు కూడా నవలలో రైతు ఆవు పాలు పితికాడని రాయాల్సి వస్తే ఈ గోడ దగ్గర ఆగి చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే. ‘స్ మీ ఆ త్రేర్’ అని రాస్తే సరిపోతుంది: పితకడం మొదలుపెట్టాడు.